ఒకేసారి మూడు ఇంటీరియర్ సైట్లు: గడువు తప్పకుండా నడిపేదెలా?

గీతలూ గోడలూ

అందరికీ నమస్కారం. విశాఖ ఎంవీపీ కాలనీలో చిన్న ఇంటీరియర్ ఆఫీసు నాది. డిజైన్ నేను చూస్తాను. డ్రాయింగులకి ఒక అమ్మాయి, సైట్లు తిరగడానికి ఒక సూపర్‌వైజరు ఉన్నారు. ఇప్పుడు మూడు పనులు నడుస్తున్నాయి. మధురవాడలో కొత్త ట్రిపుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు, సీతమ్మధారలో పాత డాబా ఇంటి మార్పులు, లాసన్స్ బే దగ్గర సముద్రం ఎదురుగా ఒక అపార్టుమెంటు.

డిజైన్ దగ్గర పేచీ లేదు. 3డీ బొమ్మ చూసి ముచ్చటపడి సంతకం పెడతారు. గొడవంతా సైట్‌లోనే. టైల్స్ వచ్చిన రోజు మేస్త్రీ ఉండడు, మేస్త్రీ ఖాళీగా ఉన్న వారం క్లయింటు టైల్ ఏదో తేల్చరు. ఫ్యాక్టరీ నుంచి కిచెన్ బాక్సులు దిగే వేళకి అక్కడ ఇంకా ప్లంబరు గోడ కొడుతూ ఉంటాడు. మధురవాడ వాళ్లు శ్రావణంలో గృహప్రవేశం అంటున్నారు. హోళీకి ఊరెళ్లిన కార్పెంటర్లు సగం మంది ఇంకా దిగలేదు.

తప్పెవరిదని అడగడం లేదు. పద్ధతి కావాలి. ఏదైనా సాఫ్ట్‌వేర్ కొనాలా, ఎక్సెల్ షీటు సరిపోతుందా? పనుల వరుస, డబ్బు, మనుషులు, ఈ మూడింటినీ మీరెలా కలిపి చూసుకుంటారు? ఇంటీరియర్స్ చేయించుకున్న ఇంటివాళ్లు కూడా మీ వైపు కథ చెప్పండి.

వారాంతపు వంట

నాకు కావాల్సిన టాపిక్. పక్కనే కూర్చుంటున్నా. అన్నట్టు గాజువాక వైపు మంచి కార్పెంటర్ ఎవరైనా ఉంటే నంబర్ పెట్టండి ప్లీజ్.

నిర్వాహకులు

ఫోన్ నంబర్లు, షాపుల ప్రచారం ఇక్కడ వద్దు. ప్రైవేట్ మెసేజ్‌లో అడగండి.

ప్లానింగ్ మాస్టారు

అమ్మా, నేను ఉక్కునగరంలో ప్లానింగ్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. మీ పనికీ మా పనికీ సైజులోనే తేడా.

సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత. మీరు రాసింది మరోసారి చదవండి. 'మేస్త్రీ ఉన్న వారం క్లయింటు టైల్ తేల్చరు' అన్నారు. అక్కడ ఆగింది పని కాదు, నిర్ణయం. ఇంటీరియర్స్‌లో రంపం ఆడే రోజుల కన్నా, ఏ లామినేట్ (ప్లై మీద అతికించే పై పొర), ఏ హ్యాండిల్, గీజర్ ఏ గోడకి అని ఎదురుచూసే రోజులే ఎక్కువ. మీ దగ్గర పనుల జాబితా ఉండే ఉంటుంది. దాని పక్కన నిర్ణయాల జాబితా పెట్టండి. ఒక్కో నిర్ణయానికి ఆఖరు తేదీ రాయండి. ఆ తేదీ దాటితే ఏ పని ఎన్ని రోజులు వెనక్కి పోతుందో పక్క గడిలో ఉండాలి.

ఆ తేదీలు ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి. మీ మధురవాడ ఫ్లాటే తీసుకుందాం. ఫ్లోర్ టైల్ పడితేగానీ కిచెన్ ఫైనల్ కొలతలు రావు, టైలు, దాని కింద సిమెంటు కలిసి లెవెల్ మారుతుంది కనుక. ఫైనల్ కొలత ఇచ్చాక ఫ్యాక్టరీ వాళ్లు నాలుగు నుంచి ఆరు వారాలు అడుగుతారు. కింది బాక్సులు బిగించాకే గ్రానైట్ గట్టుకి కొలత. గట్టు పడ్డాక సింకు, స్టవ్ కోత. ఆ తర్వాత వెనక గోడ టైల్, చిమ్నీ. ఇదంతా ఒకదాని తోక పట్టుకుని ఒకటి నడిచే వరుస. ఇందులో ఒక రోజు పోతే గృహప్రవేశంలో ఒక రోజు పోయినట్టే. దీన్నే మేం క్రిటికల్ పాత్ అంటాం. 1950ల చివర్లో అమెరికా రసాయన ఫ్యాక్టరీల కోసం కట్టిన లెక్క ఇది, మన వంటింటికీ అతికినట్టు సరిపోతుంది.

బెడ్‌రూమ్ వార్డ్‌రోబ్ అలా కాదు. వారం ఆలస్యమైనా ఇల్లు ఆగదు. కాబట్టి మీ బుర్ర, మీ సూపర్‌వైజరు కాళ్లు ముందు వంటింటి మీద ఖర్చవ్వాలి. చాలామంది డ్రాయింగ్ రూమ్ టీవీ గోడ మీద పెడతారు. ఫోటోకి అది బాగుంటుంది కదా మరి.

చిత్రిక

మాస్టారు లెక్క బాగుంది. కంచరపాలెంలో కార్పెంటరీ కాంట్రాక్టు చేస్తాను, మా వైపు కూడా వినండి.

డిజైనర్లు నాలుగు సైట్లు ఒప్పుకుంటారు, నాలుగింటికీ ఒకే గ్యాంగ్‌ని చెప్పుకుంటారు. మధురవాడ క్లయింటుకి 'సోమవారం దిగుతున్నారు' అంటారు, సీతమ్మధార క్లయింటుకీ అదే సోమవారం చెబుతారు. మేమేటి, రెండు ముక్కలైపోతామా? సైట్ ఖాళీగా ఉంటే మా కుర్రాళ్లకి కూలి లేదు. రెండు రోజులు చూసి వేరే పనికి పోతారు. పోయినోడు మీ టైలు వచ్చిందని తిరిగి రాడు.

ఇంకో సంగతి. మీ క్యాలెండర్‌లో ఆదివారాలు, ఆగస్టు 15 ఉంటాయి. మా క్యాలెండర్ వేరు. సంక్రాంతికి శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు వారం దొరకరు. దసరా దాటిన మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవం, ఆ రోజు విజయనగరం మనిషిని సైట్‌లో చూపించండి చూద్దాం. ఎండాకాలంలో ఊరూరా అమ్మవారి పండగలు. రాజస్థాన్ వాళ్లకి హోళీ, దీపావళి. బీహార్ వాళ్లు దీపావళికి ఆగినా, ఆ వెంటనే ఛఠ్ పూజకి వెళ్లిపోతారు. గ్యాంగ్ ఏ ఊరిదో అడిగి పండగలు ముందే రాసుకోండి. అడిగే డిజైనర్లు బహు తక్కువ.

మీకు శ్రావణం ముహూర్తమంటే ఆషాఢంలో పని జోరు మీద ఉంటుంది. సింహాచలం గిరి ప్రదక్షిణ ఆషాఢ పౌర్ణమి ముందు రోజు మొదలవుతుంది. హనుమంతవాక, అప్పూఘర్, ఎంవీపీ, సీతమ్మధార, ఎన్ఏడీ, అన్నీ ఆ 32 కిలోమీటర్ల దారిలోవే. ఆ రెండు రోజులు మీ మెటీరియల్ ఆటో ఎక్కడికీ కదలదు. గ్రానైటు ఆ రోజు దింపుతామని ఎవరైనా మాటిస్తే నమ్మకండి.

గీతలూ గోడలూ

> ఒకే గ్యాంగ్‌ని నాలుగింటికీ చెప్పుకుంటారు

ఈ మాట మా ఆఫీసులో పెద్దగా చదివి వినిపించాను చిత్రిక గారూ. సైట్లకి గ్యాంగ్‌ని వారాల వారీగా రాసి, అదే కాగితం క్లయింట్లకీ చూపిస్తే మీకు అభ్యంతరం ఉంటుందా?

చిత్రిక

నాకెందుకండీ అభ్యంతరం. మీ క్లయింటుకే ఉంటుంది. మాకొక్కటే చెప్పండి, ఒక సైట్‌లో బాక్సుల పని అయ్యేనాటికి రెండో సైట్‌లో ప్లై దిగి ఉండాలి. అక్కడ పూర్తయ్యేసరికి మొదటి సైట్‌లో లామినేట్ రంగు తేలి ఉండాలి. అలా చేస్తే ఒక గ్యాంగ్‌తో రెండు సైట్లు లాగేయొచ్చు. మూడోదానికి మాత్రం వేరే గ్యాంగ్ చూసుకోండి.

కొమ్మాది ఫ్లాటు, బెంగళూరు కాపురం

ఇంటివాళ్ల కథ అడిగారు కదా. కొమ్మాదిలో ఫ్లాటు కొని, బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఇంటీరియర్స్ చేయించాం. మాకు టెన్షన్ పుట్టించింది ఆలస్యం కాదు, ఏం జరుగుతోందో తెలియకపోవడం.

వాట్సాప్ గ్రూపులో రోజూ బోలెడు ఫోటోలు వచ్చేవి. చెక్క ముక్కలు, సిమెంటు బస్తాలు, ఎవరివో చేతులు. వాటిని చూసి పని ఎంత వరకు వచ్చిందో చెప్పడం మా తరం కాలేదు. తర్వాత మా ఆయన ఒక పద్ధతి పెట్టారు. శనివారం ఒక్క వీడియో కాల్. గుమ్మం నుంచి మొదలుపెట్టి హాలు, వంటిల్లు, గదులు, బాత్రూములు, బాల్కనీ, ప్రతి వారం అదే వరుసలో నడవాలి. చివర్లో మూడు ప్రశ్నలు: ఈ వారం ఏం పూర్తయింది, వచ్చే వారం ఏం చేస్తారు, మా నుంచి ఏం కావాలి. అప్పటి నుంచి ఇంట్లో ప్రశాంతత.

ఇంకొకటి, గ్రూపులో మా మామగారు బొటనవేలు బొమ్మ పెడితే 'చూశాను' అని అర్థం. మా డిజైనర్ గారు దాన్ని 'ఒప్పుకున్నారు' అనుకున్నారు. పూజ గది తలుపు రంగు అలా ఖాయమైంది! ఇంట్లో ఎవరి మాట ఆఖరిదో ముందే అడిగి రాసుకోండి. అత్తగారు, ఆడపడుచు, అమెరికాలో బావగారు, అందరూ ఆ గ్రూపులో ఉంటారు. సంతకం మాత్రం ఒక్కరిదే ఉండాలి.

లెక్కల పద్దు

కొమ్మాది గారు చెప్పిన బొటనవేలు దగ్గరే సగం తగాదాలు పుడతాయి. నేను కొన్ని కాంట్రాక్టర్ల ఖాతాలు చూస్తుంటాను. మార్పుల పుస్తకం అని ఒకటి సైట్‌లో పెట్టండి. అందులో ఏం మారింది, ఎంత డబ్బు పెరిగింది, ఎన్ని రోజులు పెరిగాయి, ఎవరు ఒప్పుకున్నారు, ఈ నాలుగూ రాయాలి. డబ్బు గడి అందరూ రాస్తారు. రోజుల గడి ఎవరూ రాయరు. 'చిన్న మార్పే కదండీ' అని లాఫ్ట్ (పై అటక) ఎత్తు పెంచుతారు, దానికి కొత్త తలుపులు కావాలి, ఫ్యాక్టరీ మళ్లీ మూడు వారాలు అంటుంది. ఆ మూడు వారాలు ఎవరి ఖాతాలో వేయాలో ఆ రోజే తేలిపోవాలి.

రేటు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. కొటేషన్లలో అడుగు రేటు అంటే రెండు రకాలు. ముందు నుంచి కనిపించే వైశాల్యానికి కట్టేది ఒకటి, వాడిన ప్రతి పలకనీ విప్పి పరిచి కొలిచేది రెండోది. ఉదాహరణకి 7 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు, 2 అడుగుల లోతు ఉన్న వార్డ్‌రోబ్. ముందు నుంచి చూస్తే 56 చదరపు అడుగులు. విప్పితే తలుపులు 56, వెనక పలక 56, రెండు పక్కలు 32, పైనా కిందా 28, మధ్య నిలువు పలక 16, ఆరు అరలు 42. మొత్తం 230. మొదటి పద్ధతిలో అడుగుకి 1,500 అంటే 84,000 అవుతుంది. రెండో పద్ధతిలో అడుగుకి 400 అంటే 92,000. 400 చవగ్గా వినిపిస్తుంది కదా! క్లయింటు రెండు కొటేషన్లు పక్కన పెట్టుకుని పోల్చేది ఈ అంకెల్నే. ఏ కొలతో మొదటి పేజీలోనే రాసేస్తే చివరి బిల్లు రోజు అరుపులుండవు. జీఎస్టీ 18 శాతం రేటులో కలిసిందా, విడిగానా అన్నదీ అక్కడే ఉండాలి.

చిత్రిక

230 అడుగులంటే 8×4 ప్లై షీటు 32 చొప్పున ఏడు పైచిలుకు. కోతలో పోయేది కలిపితే తొమ్మిది తెప్పించుకోవాలి. వెనక పలక పలచటిది వేస్తాం, దాని లెక్క వేరు. ఏడు తెచ్చి 'సరిపెట్టు' అంటే అరలు అతుకులతో వస్తాయి, మమ్మల్నేం చేయమంటారు.

ఇంకో మాట. 8 అడుగుల షీటు అపార్టుమెంటు లిఫ్టులో పట్టదు. మెట్ల మీద మొయ్యాలి, దానికి మోత కూలి అంతస్తుకింత అని అడుగుతారు. లాసన్స్ బే ఫ్లాటు ఎన్నో అంతస్తులో? వంటగట్టు గ్రానైటు ఒకే ముక్క కావాలంటే మెట్ల మలుపు ముందే కొలుచుకోండి. అసోసియేషన్ వాళ్ల టైమింగులు, డిపాజిట్టు, డెబ్రిస్ ఎక్కడ వేయాలన్నదీ పని మొదలవ్వకముందే అడగండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా డ్రిల్లు మోగకూడదనే అపార్టుమెంట్లు ఉన్నాయి. అక్కడ రోజుకి రెండు గంటలు పోయినట్టే లెక్క వేసుకోవాలి.

గీతలూ గోడలూ

తొమ్మిదో అంతస్తు చిత్రిక గారూ. సర్వీస్ లిఫ్టు ఉందన్నారు, రేపే టేపు తీసుకెళ్లి కొలిపిస్తాను.

లాసన్స్ బే సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నా, సముద్రం పక్కన ఫ్లాట్లు చేసినవాళ్లు మెటీరియల్ విషయంలో ప్లాన్ ఎలా మారుస్తారు?

ఉప్పుగాలి

బీచ్ రోడ్డు మీద పుట్టి పెరిగాను, ఇంటీరియర్ హార్డ్‌వేర్ వ్యాపారం.

సముద్రం ఎదురుగా 202 గ్రేడు స్టీలు వాడితే తొందరగానే తుప్పు మచ్చలు చూస్తారు. లోపలి గదుల్లో 304 నడుస్తుంది. బాల్కనీ రెయిలింగు, బయట గాలి నేరుగా తగిలే బోల్టులు, హ్యాండిల్సుకి 316 అడగండి. అందులో మాలిబ్డినం కలుస్తుంది, ఉప్పుని తట్టుకునేది దాని వల్లే. డబ్బు ఎక్కువే, వద్దంటే ఆ మాట మార్పుల పుస్తకంలో రాయించుకోండి.

ప్లై దగ్గర కూడా అంతే. షీటు మీద భారతీయ ప్రమాణం నంబరు ఐఎస్ 303 ఉందా, ఐఎస్ 710 ఉందా చూడండి. 710 అంటే మెరైన్ గ్రేడు, వంటింటి సింకు కింద, బాత్రూమ్ గోడకి ఆనుకున్న వార్డ్‌రోబ్‌లకి అదే. ఇల్లంతా 710 వేయక్కర్లేదు, షాపువాడు వేయమనే చెబుతాడు (నేను కూడా చెబుతాను, వ్యాపారం కదా). పొడి గదుల్లో 303 లోని బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే రకం) చాలు. అంచులన్నీ బ్యాండింగ్ చేయించండి (పట్టీ అతికించి మూయడం), కంటికి కనిపించని వెనక అంచులు కూడా. తేమ లోపలికి పోయేది అక్కడి నుంచే.

లామినేటు, టైలు ఒకే బ్యాచ్‌లో, రెండు మూడు ఎక్కువ కలిపి ఒకేసారి కొనండి. తర్వాత అదే నంబరు తెచ్చినా బ్యాచ్ మారితే రంగులో తేడా వస్తుంది. అప్పుడు మొత్తం గోడ మళ్లీ చేయాలి, మాస్టారి క్రిటికల్ పాత్ గోవిందా.

వాతావరణం మాట కూడా చెప్పాలి. పీయూ (పాలీయురేథేన్) పాలిష్ వానాకాలంలో, గాల్లో తేమ ఎక్కువ ఉన్న రోజున కొడితే పాలిపోయినట్టు తెల్లబడుతుంది. మధురవాడలో పీయూ ఉందా? ఉంటే మే నెలలోనే కొట్టించేయండి, లేదా ఫ్యాక్టరీలో ఫినిష్ చేయించి తెప్పించుకోండి. ఆషాఢం దాకా ఆగొద్దు. సీతమ్మధార పాతింట్లో కిటికీలు మారుస్తున్నారా? అక్టోబరు, నవంబరుల్లో గోడకి కంత పెట్టి ఉంచకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు ఈ ఊళ్లో అద్దాలు ఎలా ఎగిరాయో చూసినవాళ్లం.

కరెంటు కబుర్లు

నా వంతు. ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుని. అందరూ చెక్క గురించే మాట్లాడుతున్నారు. చెక్క వెనక ఉండేది మేమే.

ఫర్నిచర్ డ్రాయింగు లేకుండా మమ్మల్ని గోడ కొట్టమనకండి. స్విచ్ బోర్డు వార్డ్‌రోబ్ వెనక్కి పోవడం, మంచం తలాపి ప్లగ్ పాయింటు మీదికి రావడం, ఇవన్నీ రెండు డ్రాయింగులు వేరువేరుగా చేసినప్పుడు జరిగేవి. ఏ గోడకి ఏ ఫర్నిచరు, నేల నుంచి ఎంత ఎత్తులో పాయింటు, ఒకే కాగితం మీద ఉండాలి.

వంటింట్లో మిక్సీ, ఫ్రిజ్ అందరికీ గుర్తుంటాయి. చిమ్నీ, ఆర్వో, డిష్‌వాషర్, ఓవెన్, గట్టు కింద ఇన్‌స్టంట్ గీజర్ గుర్తుండవు. లైట్లకి 1.5, మామూలు పవర్ పాయింట్లకి 2.5, ఏసీ, గీజరుకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగుతాం. టైల్స్ పడ్డాక ఇండక్షన్ స్టవ్ కావాలంటే ఆ గోడ మళ్లీ విప్పాలి. మూడు ఏసీలు, రెండు గీజర్లు, ఇండక్షన్ అంటే పాత కనెక్షన్ లోడు చాలదు, కరెంటు సరఫరా సంస్థ ఈపీడీసీఎల్‌కి అదనపు లోడు అప్లికేషను ముందే పెట్టుకోవాలి. సీతమ్మధార పాతిల్లు అన్నారు కాబట్టి ఇది మీకే. అక్కడ ఎర్తింగ్ కూడా చూపించండి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి.

ఏసీ రాగి గొట్టాలు, నీళ్లు పోయే డ్రెయిన్ పైపు ఫాల్స్ సీలింగ్ బోర్డులు మూయకముందే వేయాలి. డ్రెయిన్‌కి వాలు ఉందో లేదో ఒక చెంబు నీళ్లు పోసి చూడండి. సీలింగ్ మూశాక చూడ్డానికేం ఉండదు, కారినప్పుడు తెలుస్తుంది.

ఆఖరుగా ఒక్కటి. గోడలు పూడ్చేముందు, పక్కన టేపు పెట్టి, ప్రతి గోడకీ ఫోటో తీయండి. పైపు ఎక్కడుందో, వైర్లు పోయే కాండ్యూట్ గొట్టం ఎక్కడుందో తెలుస్తుంది. రేపు టీవీ బిగించేవాడు డ్రిల్లు పెట్టినప్పుడు ఆ ఫోటోలే కావాలి. కొమ్మాది గారూ, మీకు రోజూ వచ్చిన ఫోటోల్లో పనికొచ్చేది ఇదొక్కటే ఉండి ఉంటుంది.

కొమ్మాది ఫ్లాటు, బెంగళూరు కాపురం

అదే లేదండీ అందులో! 😀

ప్లానింగ్ మాస్టారు

కరెంటు గారు చెప్పినదాన్ని మా భాషలో హోల్డ్ పాయింట్ అంటారు. అంటే, బాధ్యత ఉన్న మనిషి వచ్చి చూసి సంతకం పెట్టేదాకా తర్వాతి పని మొదలుపెట్టకూడదు. మూడు సైట్లకీ రోజూ తిరగడం డిజైనర్ వల్ల కాదు, అక్కర్లేదు కూడా. ఈ నాలుగు చోట్ల మాత్రం మీరే వెళ్లాలి. గోడలు పూడ్చేముందు. బాత్రూమ్ టైల్స్ వేసేముందు. ఫ్యాక్టరీకి ఫైనల్ కొలత ఇచ్చేముందు. ఆఖరి కోటు రంగుకి ముందు. మిగతాది సూపర్‌వైజరు చూసుకుంటాడు.

రెండోదానికి ఒక షరతు. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక బాత్రూమ్‌లో నీళ్లు కట్టి 24 నుంచి 48 గంటలు ఉంచాలి. కింది ఫ్లాటు సీలింగు చూసొచ్చాకే టైల్స్. ప్లానులో ఈ రెండు రోజులు వేయనివాళ్లే ఎక్కువ. వేయకపోతే గడువు ఒత్తిడిలో ముందు ఎగిరిపోయేది ఇదే పరీక్ష.

లెక్కల పద్దు

> మేమేటి, రెండు ముక్కలైపోతామా?

డబ్బు దగ్గర కూడా ఇంతే. ఒక సైట్ అడ్వాన్సుతో ఇంకో సైట్ ప్లై కొనడం ఈ వ్యాపారంలో సర్వసాధారణం. మూడు సైట్లు ఉంటే మూడు పద్దులు విడిగా ఉండాలి, కుదిరితే బ్యాంకు ఖాతాలో కూడా. మధురవాడ డబ్బు సీతమ్మధారకి పోయిందంటే మధురవాడ పని ఆగే రోజు ఎంతో దూరంలో ఉండదు.

వాయిదాలు తేదీకి కాకుండా దశకి కట్టండి. 'జూన్ 1న రెండో వాయిదా' అంటే పని కాకపోయినా మీరు అడుగుతారు, పని అయినా వాళ్లు తేదీ చూపిస్తారు. 'బాక్సులు సైట్‌లో దిగిన రోజు' అంటే ఇద్దరి కంటికీ ఒకటే కనిపిస్తుంది. చివర 5 శాతం మిగులు పనుల జాబితా పూర్తయ్యేదాకా క్లయింటు దగ్గర ఉండనివ్వండి. క్లయింటుకి ధైర్యంగా ఉంటుంది. మీకూ ఆ తలుపు కీచుమనే శబ్దం వెంటనే సరిచేయాలనిపిస్తుంది.

రాతకోతలు లేని ఇంటివాళ్లకి కూడా ఒక మాట. మాట తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 1915. 50 లక్షల లోపు చెల్లింపులైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, 5 లక్షల దాకా ఫీజు లేదు. కానీ అక్కడ అడిగేది కాగితాలే. కొటేషను, వాయిదాల రసీదులు, మార్పుల పుస్తకం.

చిత్రిక

క్లయింటు దగ్గర 5 శాతం ఉంచుతారు సరే. ఆ 5 శాతం డిజైనర్ మా దగ్గర కోస్తారు. మేం కుర్రాళ్ల దగ్గర కోయగలమా? వాళ్లకి వారం వారం బట్వాడా ఇవ్వాలి. శనివారం సాయంత్రం డబ్బు చేతిలో పడకపోతే సోమవారం మనిషి రాడు. మాస్టారి చార్టు, పద్దు గారి పుస్తకం, హోల్డ్ పాయింట్లు, అన్నీ ఈ ఒక్క శనివారం దగ్గర ఆగిపోతాయి. గ్యాంగ్ ఎందుకు మారిందని అడిగితే చాలాసార్లు జవాబు ఇదే, కానీ ఎవరూ క్లయింటుకి ఈ మాట చెప్పరు. 'వాడికి జ్వరం' అంటారు.

లెక్కల పద్దు

ఇది ఒప్పుకుంటాను. నిలిపి ఉంచేది మీ లాభం భాగంలోంచి ఉండాలి, కూలి భాగంలోంచి కాదు. కాంట్రాక్టరుతో ఒప్పందంలో కూలీ, మెటీరియలు, లాభం విడివిడిగా రాస్తేనే అది కుదురుతుంది. రాయడానికి కాంట్రాక్టర్లే ఇష్టపడరు, మీరు రాస్తారా?

చిత్రిక

గీతలూ గోడలూ గారు బట్వాడా తప్పకుండా ఇస్తానంటే రాస్తాను.

వారాంతపు వంట

ముహూర్తం సంగతి ఎవరూ మాట్లాడలేదు. మా ఇంట్లో పెద్దవాళ్లు తేదీ పెట్టేశాక ఇక వినరు. పని అవ్వకపోతే ఏం చేస్తారు?

కొమ్మాది ఫ్లాటు, బెంగళూరు కాపురం

మేం గృహప్రవేశాన్ని, కాపురం మారడాన్ని విడదీశాం. ముహూర్తానికి వంటిల్లు, పూజ గది, ఒక బాత్రూమ్, గుమ్మం. ఇవి పూర్తయితే చాలు. పాలు పొంగించి, వ్రతం చేసుకుని, ఆ రాత్రి అక్కడ నిద్ర చేశాం. మిగతా వార్డ్‌రోబ్‌లు తర్వాత తీరిగ్గా చేయించాం. మా అత్తగారు మొదట ఒప్పుకోలేదు, గృహప్రవేశం అయ్యాక ఇంట్లో సుత్తి చప్పుడేంటి అని. పురోహితుడు గారిని అడిగితే గుమ్మం, పొయ్యి కదపకుండా ఉంటే చాలన్నారు. అందరి ఇళ్లలో ఇది నడవకపోవచ్చు, కాబట్టి అగ్రిమెంటు రోజే అడగండి. 'ముహూర్తానికి మొత్తం ఇల్లు కావాలా, పూజకి కావాల్సినంత చాలా?' ఈ ఒక్క ప్రశ్నతో మీ చార్టు సగం మారిపోతుంది.

ప్లానింగ్ మాస్టారు

బహు బాగా చెప్పారమ్మా. వంటిల్లే క్రిటికల్ పాత్ అని నేను లెక్కతో చెప్పాను, పాలు పొంగించేది అక్కడే అని మీరు చెప్పారు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోను. 'తీరిగ్గా' అన్న పనికి తేదీ లేకపోతే అది పూర్తవ్వదు. రెండో భాగానికి కూడా గడువు రాయండి.

ఉప్పుగాలి

నిజం. ముహూర్తం దాటాక కాంట్రాక్టరు ఫోన్ ఎత్తడం తగ్గిపోతుంది.

గీతలూ గోడలూ

అందరికీ ధన్యవాదాలు. సాఫ్ట్‌వేర్ ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టాను. నిన్న మధురవాడ వాళ్లతో కూర్చున్నాను. కొమ్మాది గారి ప్రశ్న అడిగితే, భార్యాభర్తలిద్దరూ రెండు జవాబులు చెప్పారు. చివరికి వంటిల్లు, పూజ గది, హాలు శ్రావణానికి, బెడ్‌రూములు దసరాకి అని రాసుకున్నాం. ఆఖరి మాట ఆవిడదే అని కూడా ఒప్పందంలో ఉంది. ఆయనే రాయించారు. పీయూ తలుపులు ఫ్యాక్టరీలో ఫినిష్ చేసి తెప్పిస్తున్నాం. ఫ్లోర్ టైల్‌కి ఆఖరు తేదీ వచ్చే శుక్రవారం. దాటితే వంటిల్లు ఎన్ని రోజులు వెనక్కి వెళుతుందో పక్కన ఎర్ర అక్షరాల్లో ఉంది. అది చూడగానే ఆవిడ టైల్స్ షాపుకి ఎప్పుడెళ్దామని అడిగారు.

లాసన్స్ బే సర్వీస్ లిఫ్టు ఎత్తు ఏడున్నర అడుగులే. ప్లై షీటు ఏటవాలుగా కూడా పట్టదు. మోత కూలి కొటేషన్‌లో కలిపి క్లయింటుకి పంపాను. ఆ సైట్‌కి వేరే గ్యాంగ్‌ని మాట్లాడుతున్నాను.

నా ఎక్సెల్ షీటు ఇక్కడ పెడుతున్నాను. అడ్డంగా వారాలు, నిలువుగా మూడు సైట్లు, కింద నిర్ణయాల జాబితా, పండగల వరుస. ఏదైనా తగ్గితే చెప్పండి.

కరెంటు కబుర్లు

ఏసీ పైపులు సీలింగ్ ఫ్రేము తర్వాత వేశారు. ముందుకి జరపండి. ఫ్రేము కట్టాక మా కుర్రాడు ఎక్కడ నిలబడతాడు?

గీతలూ గోడలూ

జరిపాను.

చిత్రిక

షీటు బాగుంది. అన్ని గడులూ చూశాను. శనివారం బట్వాడా గడి ఏదండీ?

గీతలూ గోడలూ

ఇప్పుడే కలిపాను, పండగల వరుస కిందే ఉంది. మీరు కూలీ, మెటీరియలు, లాభం విడగొట్టి కొటేషన్ పంపితే అంకెలు నింపుతాను.